నొప్పి లేదన్న బొమ్మ

రిటైరైన వాళ్ళను పిలిచి మాట్లాడించడం ఈమధ్య కాలేజీలకు అలవాటైంది. శాలువా కప్పుతారు, సమోసా పెడతారు, పిల్లలకు నాలుగు మంచిమాటలు చెప్పమంటారు. మొన్న ఒకచోట నాకంటే ముందు మాట్లాడిన కుర్ర ప్రొఫెసరు తెర మీద ఎర్రగా వెలిగిపోతున్న మెదడు బొమ్మ ఒకటి వేసి, "ఇదిగో, నొప్పి అంటే ఇలా ఉంటుంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు నా చేతికి రాగానే "అది నొప్పి కాదు నాయనా, బొమ్మ" అన్నాను. పిల్లలు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. ఎందుకన్నానో చెప్పేలోపే టైమైపోయిందని శాలువా కప్పేశారు. అందుకని ఆ పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ శాలువా ఎవరూ కప్పలేరు కదా.

నేను సికింద్రాబాద్‌లో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేశాను. నొప్పి కలిగినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో ఫొటోలు తీసి చూడడం మా పని. మా దగ్గర పెద్ద ఎమ్మారై స్కానర్ ఉండేది. మనిషిని అందులో పడుకోబెట్టి, మోచేతి కింద ఒక చిన్న రేకు కట్టి, దాన్ని వేడెక్కిస్తాం. చురుక్కుమన్నప్పుడు మెదడులో ఎక్కడెక్కడ రక్తం ఎక్కువగా పారుతోందో స్కానర్ పట్టుకుంటుంది. కంప్యూటర్ దానికి రంగులు వేస్తుంది. ఆ ఎరుపు మెదడులో ఉండదు, కంప్యూటర్లో ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

రేకు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళంతా కాలేజీ పిల్లలే. ఇరవయ్యేళ్ళవాళ్ళు, ఏ రోగమూ లేనివాళ్ళు, క్యాంటీన్‌లో బిర్యానీ పెట్టిస్తామంటే చెయ్యి కాల్చుకోవడానికి కూడా సిద్ధపడేవాళ్ళు. వాళ్ళందరి బొమ్మలూ కలిపి సగటు తీసి, దానికి 'నొప్పి ముద్ర' అని పేరుపెట్టాం. ఆ తర్వాత ఎవరి బొమ్మ ఇచ్చినా, ఆ ముద్రతో పోల్చి ఈ మనిషికి నొప్పి ఉంది, లేదు అని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారైంది. వీధిలో వాళ్ళందరి చెప్పుల సైజులూ కలిపి సగటు తీసి, ఆ చెప్పు పట్టనివాడికి కాలే లేదన్నట్టు. ఈ మాట నేను అప్పుడే అన్నాను. మా డైరెక్టరు గారు "మీ పోలికలు చాలా బావుంటాయండీ" అన్నారు. అంటే నోరు మూసుకోమని అర్థం.

ఆయన చెడ్డమనిషి కాదు. పాఠం చెప్తే విద్యార్థులు గోడలకు ఆనుకుని నిలబడి వినేవారు. కానీ ఆయనకు ఒక కల ఉండేది. జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టు నొప్పికి ఒక మీటరు ఉండాలి, దాన్ని మన సికింద్రాబాద్‌లో మనమే చేశామనిపించుకోవాలి. కల మంచిదే. మీటరు పుట్టకముందే దాంతో కొలతలు మొదలుపెట్టడమే నాకు మింగుడుపడనిది.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉండేది. ఎవరు కొత్తగా చేరినా, ఏ కొత్త పద్ధతి మొదలుపెట్టినా ముందు మనవాళ్ళే స్కానర్‌లో పడుకోవాలి. మనం పడుకోని టేబుల్ మీద ఇంకొకరిని పడుకోబెట్టకూడదని. మా స్కానర్ టెక్నీషియన్ దానికి 'గృహప్రవేశం' అని పేరుపెట్టాడు. ఆయనది రెజిమెంటల్ బజార్. నోరు తిరిగిన మనిషి, ఎవరినైనా నవ్వించగలడు. సాఫ్ట్‌వేర్‌ని మొదటిసారి పరీక్షించిన రోజుల్లో గృహప్రవేశం వంతు నాకొచ్చింది. ఆ వారమే నాకు నడుములో నరం పట్టేసి, కాలి మడమ దాకా కరెంటు తీగ గుంజుతున్నట్టుగా ఉండేది. "ఇంకా మంచిది, నిజమైన నొప్పి దొరికింది" అనుకుని పడుకున్నాను. స్కాన్ అయ్యాక లేవలేకపోయాను. అటు టెక్నీషియనూ ఇటు డైరెక్టరు గారూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. డైరెక్టరు గారే తన కారులో మెట్టుగూడలోని మా ఇంటి దగ్గర దింపారు. దారిలో స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను "అమ్మో, ప్రభువా" అని కేకలు వేస్తుంటే, ఆయన పాపం "సారీ అండీ, సారీ అండీ" అంటూ కారుని నడిపారో, నెట్టారో నాకు తెలీదు. అంత మెల్లగా వెళ్ళాం. ఆ తర్వాత చికిత్సలో పడి ఆ రోజు బొమ్మ సంగతి నేనూ మర్చిపోయాను, ఆయనా మర్చిపోయారు.

కొంతకాలానికి ఒక లాండ్రీ కంపెనీ మా గుమ్మంలోకి వచ్చింది. తిరుమలగిరి దాటాక ఒక పెద్ద షెడ్డులో హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేసే కంపెనీ. అక్కడ వేడి రోలర్ల మధ్యకు తడి దుప్పటి అందిస్తే అవతలి వైపు ముడత లేకుండా వస్తుంది. అలా అందిస్తుండగా ఒకామె కుడిచెయ్యి దుప్పటితోపాటు లోపలికి పోయింది. కాలిన చర్మం మానింది, విరిగిన వేళ్ళు అతుక్కున్నాయి, ఎక్స్‌రేలో ఏ లోపమూ లేదు. కానీ ఆమె మాత్రం చెయ్యి మండుతోందనీ, రోలర్ దగ్గర పనిచేయలేననీ, కూర్చుని చేసే పని ఏదైనా ఇవ్వమనీ అడుగుతోంది. కంపెనీకి అనుమానం. అన్నీ మానిపోయాక నొప్పేమిటి? పని ఎగ్గొట్టడానికి నాటకం కాదూ? తేల్చడానికి ముగ్గురు డాక్టర్లతో ఒక కమిటీ వేశారు. అబద్ధమని తేలితే ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఆ కమిటీ ముందు పెట్టడానికి మా మీటరు రిపోర్టు కావాలన్నారు.

డైరెక్టరు గారి కళ్ళలో వెలుగు చూడాలి! నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసి అడిగాను.

"సార్, ఒక్క మనిషి బొమ్మ చూసి ఆ మనిషికి నొప్పి ఉందో లేదో చెప్పే విద్య మన దగ్గర ఉందా?"

"దగ్గర్లో ఉన్నాం కదండీ."

"దగ్గర్లో ఉంటే ఉన్నట్టా?"

"మనం తీర్పు చెప్పడంలేదు. డేటా ఇస్తున్నాం. తీర్పు వాళ్ళది."

"వాళ్ళు డేటా అనుకోరు, దేవుడి మాట అనుకుంటారు. మిషన్ చెప్పిందంటారు."

"మీకు ఇష్టం లేకపోతే దూరంగా ఉండండి. నేనే దగ్గరుండి చేయిస్తాను" అన్నారు.

దూరంగానే ఉన్నాను. ఆమె వచ్చిన రోజు నా గది తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాను. స్కాన్ చేశారు, చేతి మీద మెత్తటి బ్రష్‌తో రాస్తూ బొమ్మలు తీశారు. రిపోర్టు వెళ్ళిపోయింది. అందులో ఒకే వాక్యం: 'నొప్పికి సంబంధించిన మెదడు స్పందన కనిపించలేదు.' కనిపించలేదన్నదానికీ లేదన్నదానికీ ఎంత తేడా ఉందో మీకు తెలుసు, నాకు తెలుసు. లాండ్రీ మేనేజరుకు తెలియాల్సిన అవసరం లేదు.

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్తుంటే వరండా బెంచీ మీద కూర్చుని కనిపించింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. కుడిచెయ్యిని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె బెంచీకి ఆ చివరన, గాలి తగలనిచోట ముడుచుకుని కూర్చుంది. మే నెలలో, సికింద్రాబాద్‌లో, ఫ్యాన్ గాలికి దూరంగా జరిగి కూర్చునే మనిషిని చూసి నేను ఆగిపోయాను.

"ఎవరి కోసమమ్మా?" అన్నాను.

"మొన్న నా తలకాయ ఫొటో దీసిండ్రు మేడం. మిషన్ల ఏమొచ్చిందో జెర చెప్తరా? మా మేనేజర్ సారేమో నాకేం నొప్పి లేదని వచ్చిందంటున్నడు."

లోపలికి తీసుకెళ్ళి నా గదిలో కూర్చోబెట్టాను. ఫ్యాన్ ఆపాను. ఆమె స్విచ్ వైపూ నా వైపూ చూసి, కొంగు విప్పి చెయ్యి బయటికి తీసింది. చూడడానికి మామూలు చెయ్యే. మానిన మచ్చ, కాస్త నున్నగా మెరుస్తున్న చర్మం. అంతే.

"ఎలా ఉంటుందమ్మా నొప్పి?"

"మండుతది మేడం. ఎండకాలం బండ మీద చెయ్యి వెట్టినట్టు. మళ్ళ లోపల గుంజుతది. గాలి తగిలితే సుత సూదులు గుచ్చినట్టైతది. సల్లటి నీళ్ళు వోస్తే తగ్గుతదనుకుంటరు గని, గప్పుడు ఇంకా మండుతది. గీ మాట చెప్తే ఎవ్వరు నమ్మరు. సల్లటి నీళ్ళకు మండుడేంది, యాక్షన్ జేస్తున్నవా అంటరు."

ఈ జబ్బుకు పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, మీ పుస్తకాల్లో ఉంటుంది. గాయం మానుతుంది గానీ నరాలు మానవు. మంట ఆరిపోయినా కబురు పంపుతూనే ఉంటాయి. గాలినీ చన్నీళ్ళనీ కూడా మంటగానే చెప్తాయి. ఆమె చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా వింతది కాదు. పదిమంది రోగులను చూసిన ఏ డాక్టరుకైనా తెలియాల్సిన సంగతి.

"మరి ఆ రోజు స్కాన్‌లో బ్రష్‌తో రాస్తే ఎట్లుండె?" అని అడిగాను. నాకు తెలీకుండానే నా మాట ఆమె మాటలోకి జారింది.

"గప్పుడు మంచిగనే ఓర్చుకున్న మేడం" అంది, కాస్త గర్వంగా. "కదిలితే ఫొటో ఖరాబైతది, మళ్ళ మొదటి సంది తియ్యాలని ముందుగాల్నే ఫోన్ల చెప్పిండ్రు. అసలే నా వల్ల అందరు పరేషాన్ అయితున్నరు. అందుకే పొద్దున్నే రెండు గోలీలేసుకొని వచ్చిన. రోజు రాత్రి ఒకటే ఏసుకుంట. ఆ దినం రెండేసిన. పండ్లు కొరుక్కొని పడుకున్న గని కదల్లె మేడం. ఇనుము బంగారం ఏది ఒంటి మీదుండొద్దన్నరని పుస్తెలు సుత తీసి, పసుపుకొమ్ము కట్టుకొని వచ్చిన. అంతా మీరు చెప్పినట్టే జేసిన. మళ్ళ గిట్లెట్లొచ్చింది?"

ఆమె వేసుకున్నవి నరాల నొప్పి తగ్గించే మాత్రలు. నొప్పి ఉందో లేదో చూసే పరీక్షకి నొప్పి మాత్రలు వేసుకుని వచ్చింది. మాకోసం. మా ఫొటో పాడవకుండా ఉండడం కోసం. ఇంత చదివినవాళ్ళం ఇంతమందిమి ఉండి, మాత్రలేమైనా వేసుకున్నావా అని ఒక్కరూ అడగలేదు. గాజులు తీశారా, కమ్మలు తీశారా, ఒంట్లో ఇనుప ముక్కలున్నాయా, గర్భవతివా అని అడిగాం. మాత్రల సంగతి మా ప్రశ్నల్లోనే లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నలు తయారుచేసింది కాలేజీ పిల్లల కోసం. నొప్పి లేనివాళ్ళను అడిగే ప్రశ్నలతో నొప్పి ఉన్న మనిషిని పరీక్షించాం. పైగా నొప్పి ఉన్న మనిషికి కదలొద్దని హుకుం. కదిలితే పరీక్ష చెడుతుంది, కదలకపోతే నొప్పి లేనట్టు. ఇంకెలా చావాలి ఆ మనిషి?

"ఇంట్లో ఏమంటున్నారమ్మా?"

"ఇదివరకు మా ఆయనొక్కడన్నా నమ్ముతుండె. గిప్పుడు మిషన్ సుత లేదన్నదంటే ఆయన సుత ఏం మాట్లాడ్తలేడు. మా అత్తనైతే అంట్లు తోముమంటున్నది." గొంతు తగ్గించి అడిగింది. "మేడం, నిజం చెప్పుండ్రి. నాకేమన్న దిమాగ్ ఖరాబైందా? లేని నొప్పి ఉన్నదనుకుంటున్ననా?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. చెయ్యి రోలర్ నలిపింది. ఉన్న ఒక్క నమ్మకాన్నీ మేం నలిపేశాం.

అన్నం మానేసి నేరుగా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆమె చెప్పి ఉండాల్సింది కదండీ."

"మనం అడిగి ఉండాల్సింది."

"ఒక రిపోర్టు పంపాక వెనక్కి తీసుకుంటే మన మాటకి విలువుంటుందా? రేపు ఎవరు నమ్ముతారు మనల్ని?"

"మనల్ని నమ్మకపోతే మన సాఫ్ట్‌వేర్ పోతుంది. ఆమెను నమ్మకపోతే ఆమె బతుకు పోతుంది."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

ఈ మాట నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో! మగవాళ్ళకు కోపం వస్తే అది సూత్రం. నాకు వస్తే ఎమోషన్. "అవునండీ, అవుతున్నాను. ఎవరో ఒకరు కావాలి కదా" అని తలుపు విసురుగా వేసి వచ్చాను. ఆ తలుపు అద్దం బీటలిచ్చింది. దానికి మాత్రం నేనేమీ బాధపడలేదు.

స్కానర్ గదికి వెళ్ళి టెక్నీషియన్‌కి చెప్పుకుని మొత్తుకున్నాను. కదలొద్దని ఫోన్లో చెప్పింది ఆయనే. అందరికీ చెప్పినట్టే చెప్పాడు. విని తల పట్టుకున్నాడు. "అరె, గిదేం కథ మేడం! నేనేమో మంచిగ పండుకున్నది, శభాష్ అని చెప్పిన ఆమెకు" అన్నాడు. కాసేపటికి తనే, "మీ గృహప్రవేశం ఫొటో సుత ఉండాలె కద మేడం గిండ్ల? గా దినం మిమ్మల్ని లేపినందుకు నా రెక్కలు రెండు దినాలు గుంజినయి" అన్నాడు.

ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. పాత ఫైళ్ళలోంచి నా బొమ్మ తీసి, ఆమెకు వాడిన సాఫ్ట్‌వేర్‌లోనే వేశాం. తెర మీద జవాబొచ్చింది. టెక్నీషియన్ నవ్వాపుకోలేకపోయాడు.

"మేడం, మిషన్ మీకు సుత నొప్పి లేదంటున్నది."

"ప్రింటు తియ్యి" అన్నాను.

అదేం పెద్ద వింత కాదు. వేడి రేకు చురుక్కుమన్నప్పుడు మెదడులో కనిపించేది వేరు, రాత్రీ పగలూ సలిపే నొప్పి వేరు. ఎడతెగకుండా సలిపేదాన్ని మా పద్ధతి పట్టుకోలేదు. ఎక్కువ తక్కువల తేడాను మాత్రమే పట్టుకుంటుంది. ఈ సంగతి మా రంగంలో అందరికీ తెలుసు. డైరెక్టరు గారికి నాకంటే బాగా తెలుసు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, అంతే.

కమిటీ కూర్చున్న రోజు బొమ్మ వివరించడానికి డైరెక్టరు గారిని పిలిచారు, నాకు పిలుపు లేదు. కానీ పనివాళ్ళు తమ తరఫున మాట్లాడడానికి ఒకరిని తెచ్చుకోవచ్చన్నది ఆ కంపెనీలో పద్ధతి. మామూలుగా యూనియన్ మనిషిని తెచ్చుకుంటారు. ఆమె నన్ను తెచ్చుకుంది. తిరుమలగిరి దాటి ఆటోలో వెళ్ళాం. దారి పొడుగునా గుంతలే. ప్రతి కుదుపుకీ ఆమె చేతిని గుండెలకు అదుముకుని కళ్ళు మూసుకునేది. కేక మాత్రం వేయలేదు. ఆమె కేకలన్నీ ఎప్పుడో అయిపోయాయి, వినేవాళ్ళెవరూ లేక.

నన్ను చూడగానే డైరెక్టరు గారి మొహం మాడిపోయింది. "మీరిక్కడ?" అన్నారు. "ఆమె తరఫున" అన్నాను. అంతకుమించి మేం మాట్లాడుకోలేదు.

గదిలో ముగ్గురు డాక్టర్లు, మేనేజరు, పైన గిరగిరా తిరుగుతున్న ఫ్యాన్. ఆమెను సరిగ్గా దాని కింద కూర్చోబెట్టారు. "సార్, జెర ఫ్యాన్ బంద్ జేస్తరా" అని అడిగింది. "గీ ఎండల ఫ్యాన్ బంద్ జేసి అందర్నీ సంపుతవా ఏంది?" అన్నాడు మేనేజరు. ఆమె చేతిని మళ్ళీ కొంగులో చుట్టుకుంది.

డైరెక్టరు గారు బొమ్మ చూపించి చక్కగా వివరించారు. పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేదన్నాను కదా. డాక్టర్లు తలలూపారు. ఆ గదిలో అంతమంది ఉండి అందరూ ఆమె మెదడు బొమ్మనే చూస్తున్నారు. ఆమె చెయ్యి అక్కడే, మూరెడు దూరంలో, కొంగులో ఉంది. ఒక్కరూ దాని వైపు చూడలేదు. నా ఒళ్ళు ఎలా మండిందో ఇప్పుడు రాస్తుంటే కూడా అలాగే మండుతోంది.

నా వంతు వచ్చాక మాత్రల సంగతి చెప్పాను. మేనేజరు "అవన్నీ తర్వాత కల్పించిన ముచ్చట్లు" అన్నాడు. అప్పుడు నా సంచిలోంచి ప్రింటు తీసి ఆమె బొమ్మ పక్కన పెట్టాను.

"ఇది ఇంకొకరి బొమ్మ. అదే స్కానర్, అదే సాఫ్ట్‌వేర్. ఈ మనిషికి కూడా నొప్పి లేదని వచ్చింది. నిజంగా లేదంటారా సార్?" అని డాక్టర్లలో పెద్దాయన్ను అడిగాను.

ఆయన రెండూ చూసి, "రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా. లేదనే అనాలి మరి. ఎవరిది?" అన్నారు.

"నాది. ఆ రోజు నన్ను టేబుల్ మీంచి ఎవరు లేపారో, కారులో ఎవరు తీసుకెళ్ళారో డైరెక్టరు గారిని అడగండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. అబద్ధం చెప్పొచ్చు. గుర్తులేదనొచ్చు. నేను దానికీ సిద్ధపడే వచ్చాను. కానీ ఆయన అలా అనలేదు, ఆ మర్యాద ఆయనకు దక్కాలి.

"నేనే లేపాను. ఆవిడ నడవలేకపోయారు. చాలా నొప్పిగా ఉండింది ఆ రోజు" అన్నారు మెల్లగా.

"మరి నాకు నొప్పిగా ఉందని ఎలా నమ్మారు సార్? నా బొమ్మ చూసి నమ్మారా?" అన్నాను. "నేను కేక వేస్తే నమ్మారు. ఈమె కేక వేయలేదనా నమ్మనిది? కదలొద్దని చెప్పింది మనమే కదా!"

నా గొంతు పెద్దదే, ఆ రోజు ఇంకాస్త పెద్దదైంది. బయట రోలర్ల దగ్గర పనిచేస్తున్నవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేచారు. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాన్ ఆపేశారు. ఆయన ఆమె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "చెయ్యి చూడొచ్చా అమ్మా? నొప్పి అనిపిస్తే చెప్పు, వదిలేస్తాను" అన్నారు.

ఆమె కొంగు విప్పింది. ఆయన ముందు ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నారు, తర్వాత కుడిచేతిని వేళ్ళ కొసలతో తాకారు. మళ్ళీ ఎడమది. "కుడిది చల్లగా ఉందే! ఈ రెండు చేతులకీ ఇంత తేడా ఉంది. ఎప్పట్నుంచమ్మా?" అన్నారు.

"షురూ నుంచి గట్లనే ఉన్నది సార్."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవ్వరు పట్టి సూడలే సార్" అంది.

మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు నేర్పేది రోగిని తాకి చూడమని. అన్నిటినీ దాటుకుని అంత పెద్ద స్కానర్ దాకా వెళ్ళాం, ఆ చెయ్యి పట్టుకోకుండా.

కమిటీ మా రిపోర్టును పక్కన పెట్టింది. ఆమెను రోలర్ దగ్గరికి పంపకూడదనీ, దుప్పట్లకు గుర్తులు కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాలనీ తేల్చింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. కంపెనీ అనలేదు, కమిటీ అనలేదు, మా కేంద్రం అనలేదు. మరుసటి నెల నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించి, మెట్ల కింద గదిలో పాత పరికరాల మధ్య కూర్చోబెట్టారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. ఎండాకాలం చల్లగా ఉండేది, ఆ మాట చెప్పుకోవాలి. డైరెక్టరు గారు ఎదురుపడితే నమస్కారం పెట్టేవారు, నేనూ పెట్టేదాన్ని. స్కాన్‌కి ముందు అడిగే ప్రశ్నల్లో మాత్రల ప్రశ్న మాత్రం చేరింది. ఎవరు చేర్చారో నాకెవరూ చెప్పలేదు. అందులో వాడిన తెలుగు చూస్తే ఆయనే రాశారనిపించింది. నొప్పి మీటరు మోజు మాత్రం ఇంకా పోలేదు. ఇప్పుడు ఇంకొకరెవరో అమ్ముతున్నారు, మొన్నటి కుర్ర ప్రొఫెసరు వేసిన బొమ్మ అలాంటిదే. బొమ్మలు తీయొద్దని నేననను, నా జీవితమంతా అవే తీశాను. నొప్పి ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి తీయండి. మనిషి అబద్ధమాడుతోందని రుజువు చేయడానికి తీశారంటే మాత్రం, నా కాళ్ళలో ఓపికున్నంత కాలం మీ మీటింగులకు వచ్చి కూర్చుంటాను.

ఆ రోజు కమిటీ అయ్యాక ఆమే నేనూ గేటు బయట ఆటో కోసం నిలబడ్డాం. ఆమె ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. కొంగు సర్దుకుని అడిగింది.

"మేడం, అయితే ఇగ నాకు నొప్పి ఉన్నట్టేనా?"

నాకు ఎవరి మీద అరవాలో తెలీలేదు. అరవాల్సినవాళ్ళంతా లోపలే ఉండిపోయారు. "ఎప్పుడూ ఉందమ్మా. మేం చూసినా ఉంది, చూడకపోయినా ఉంది" అన్నాను.

తల ఊపింది. మళ్ళీ, "గదే ముచ్చట జెర కాయితం మీద రాసిస్తరా? తెలుగుల రాయుండ్రి. ఇంట్ల సూపెట్టాలె" అంది.

సంచిలో వేరే కాగితం లేదు. నా మెదడు బొమ్మ ప్రింటు వెనక్కి తిప్పి, గేటు పక్క గోడకు ఆనించి 'ఈమెకు నొప్పి ఉంది' అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఆమె ఎడమచేత్తో అందుకుని, ఒకసారి చదువుకుని మళ్ళీ నా చేతికిచ్చింది.

"తారీఖు సుత ఏయుండ్రి మేడం. లేకుంటె నమ్మరు."

వేశాను.